గోల్ఫ్ మైదానాలకు శుద్ధి చేసిన నీరే చాలు

హైదరాబాద్ జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నగరంలోని గోల్ఫ్ మైదానాలు వేసవిలో బోరునీళ్లు తోడకుండా, శుద్ధి చేసిన మురుగునీటినే వాడేలా నిబంధన పెట్టాలని కోరుతున్నాను. వేడి ప్రాంతాల మైదానాల్లో పెంచే బెర్ముడా గడ్డి మన గరిక జాతిదే. ఎండనూ ఉప్పునూ బాగా ఓర్చుకుంటుంది. శుద్ధి చేసిన నీటిలో మిగిలే నత్రజని, భాస్వరం దానికి ఎరువవుతాయి కూడా. గ్రీన్లు (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) పాడవుతాయనే అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అక్కడ 4 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించే గడ్డికి వేళ్లు లోతుకు దిగవు, వాటి చుట్టూ లవణాలు పేరుకుంటే నష్టమే. కానీ తొలకరికి ముందు నేలకు రంధ్రాలు చేసి ఇసుక నింపితే, వానలే ఆ లవణాలను కిందికి కడిగేస్తాయి. పచ్చికను బాగా చూసుకునేవారు ఎలాగూ చేసే పనే అది. వాసన, క్రిముల భయానికి జవాబు మీ దగ్గరే ఉంది: మరో దశ వడపోత, క్లోరినేషన్, ఆట లేని రాత్రివేళల్లోనే తడి. కాలనీలు ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నెలల్లో ఆటస్థలానికి భూగర్భజలం పోయడం అన్యాయం. వచ్చే మార్చిలోపు మైదానాలకు శుద్ధి చేసిన నీటి పైపులైన్లు వేయించండి, నీటి లవణ పరీక్షల ఫలితాలు నెలనెలా ప్రకటించండి.

ఇట్లు,
ఒక నగరవాసి