భర్త వీసాపై వెళ్లే భార్యకు మంచి జీతం వస్తుందా?

చెవిటికల్లు, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట.. పత్తి, మిర్చి మీద బతికే ఈ మెట్ట ప్రాంతంలో "అబ్బాయి దుబాయ్‌లో ఉన్నాడు, పెళ్లయ్యాక అమ్మాయిని కూడా తీసుకెళ్తాడు" అన్నారంటే ఆ సంబంధం సగం కుదిరినట్టే. అమ్మాయి బీఈడీయో నర్సింగో చదివి ఉంటే ఇంకో మాట కూడా కలుస్తుంది. "అక్కడికెళ్తే ఆమెకూ ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుందిలే." మెహర్ ఎంత, వలీమా ఎక్కడ, ఎంతమంది వస్తారు, అన్నీ గంటల తరబడి మాట్లాడుకుంటారు. అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుంది, ఆ వీసా మీద పని చేయొచ్చా, చేస్తే జీతం ఎంత అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి ఆమె జీతం చాలావరకు విమానం ఎక్కకముందే ఖరారైపోతుంది.

ముందుగా మనవాళ్లు ఎక్కువగా వెళ్లే యూఏఈ సంగతి. భర్తకు నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే వసతి ఉంటే భార్యను తన స్పాన్సర్‌షిప్‌పై పిలిపించుకోవచ్చు. 2019 నుంచి అతని వృత్తి ఏమిటన్నది కాకుండా జీతం ఎంత అన్నదే చూస్తున్నారు. అలా వెళ్లిన భార్య పని చేయడానికి అభ్యంతరం లేదు. వీసా మార్చుకోనక్కర్లేదు కూడా. అయితే పనిలోకి తీసుకునే యజమాని అక్కడి కార్మిక శాఖ నుంచి ఆమె పేరు మీద వర్క్ పర్మిట్ తీయాలి. ఆ పర్మిట్ లేకుండా "రేపటి నుంచి రండి" అన్నారంటే అది దొంగ ఉద్యోగమే. 2024లో ఈ చట్టాన్ని కఠినం చేశారు. పర్మిట్ లేనివారితో పని చేయించుకునే యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా వేయొచ్చు.

అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది. దుబాయ్, షార్జా ఉద్యోగ ప్రకటనల్లో ‘హజ్బెండ్ వీసా వారికి ప్రాధాన్యం’ అనే మాట తరచూ కనిపిస్తుంది. చూడగానే మనకు మేలే అనిపిస్తుంది. యజమాని వైపు నుంచి చూస్తే లెక్క వేరు. భర్త వీసా మీద ఉన్నామెను పెట్టుకుంటే రెసిడెన్సీ వీసా ఖర్చు ఉండదు, గది చూపించే పని ఉండదు, విమాన టికెట్ బాధ ఉండదు. పైగా భర్త ఉన్న ఊరు వదిలి ఆమె ఎక్కడికీ పోలేదని అతనికి తెలుసు. ఈ మిగులంతా ఆమె జీతంలో కలిపి ఇవ్వాలి కదా అంటే, ఇవ్వరు. "ఇంట్లో ఊరికే కూర్చునే బదులు" అనే లెక్కన జీతం మాట్లాడతారు. విదేశీయులకు కనీస వేతనం అంటూ అక్కడ ఖరారు కాలేదు. అందుకే అదే డిగ్రీతో, అదే అనుభవంతో ఇండియా నుంచి నేరుగా కంపెనీ వీసా మీద వచ్చిన టీచర్‌కు ఒక జీతం, భర్త వెంట వచ్చి నర్సరీ స్కూల్లో చేరిన టీచర్‌కు మరో జీతం ఉండే అవకాశం ఎక్కువ.

చట్టం మాత్రం ఆమె పక్షాన ఉంది. 2021 నాటి 33వ నంబరు యూఏఈ కార్మిక చట్టం ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే వేతనం ఇవ్వాలంటుంది. నియామకం ఖర్చులు యజమానే భరించాలంటుంది. ఏడాది సర్వీసు నిండితే ఏడాదికి 21 రోజుల మూలవేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. భర్త వీసా మీద ఉన్నంత మాత్రాన ఇవేవీ పోవు. కాకపోతే చేతిలో కాంట్రాక్టు కాగితం ఉండాలి, జీతం బ్యాంకులో పడాలి. చేతికి నోట్లు ఇచ్చే చోట రేపు అడగడానికి రుజువు మిగలదు.

మంచి జీతం కావాలంటే డిగ్రీ అక్కడ చెల్లాలి. డిగ్రీ చెల్లాలంటే అటెస్టేషన్ కావాలి. యూఏఈకి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఢిల్లీలోని విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర పడాలి. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి అక్కడికి పని కొంత తేలికైంది. నర్సులకు వీటికి తోడు ‘డేటాఫ్లో’ పేరుతో సర్టిఫికెట్ల తనిఖీ, లైసెన్సు పరీక్ష ఉంటాయి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆస్పత్రి ఇచ్చిన అనుభవ పత్రం ఇక్కడే సిద్ధం చేసుకోవాలి. వెళ్లాక అక్కడి నుంచి తమ్ముడినో మామయ్యనో కాలేజీ చుట్టూ, విజయవాడ చుట్టూ తిప్పితే నెలలు గడిచిపోతాయి. ఈలోగా ఇల్లు గడవడానికి బీఎస్సీ నర్సింగ్ చేసినామె క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా కూర్చుంటుంది. రెండేళ్లు అలా గడిస్తే తర్వాత నర్సు ఉద్యోగానికి వెళ్లినప్పుడు "మధ్యలో ఈ గ్యాప్ ఏమిటి?" అని అడుగుతారు.

పేర్ల గొడవ మరొకటి. కోస్తా ముస్లిం కుటుంబాల్లో ఇది లేని ఇల్లు తక్కువ. పదో తరగతి మెమోలో ‘ఎస్‌కే’ అని పొట్టి అక్షరాలు ఉంటాయి. ఆధార్‌లో ‘షేక్’, ఉర్దూ నికానామాలో ‘శైఖ్’. ఒకచోట పేరు చివర ‘బీ’, ఇంకోచోట ‘బేగం’, మరోచోట ఏదీ ఉండదు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదు. అటెస్టేషన్ కౌంటర్ దగ్గర మాత్రం వీళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు! పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా తిప్పలే. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసాపై వచ్చేవారిని యూఏఈ 2022 నవంబరు నుంచి అనుమతించడం లేదు. నికా రాయించేటప్పుడే పదో తరగతి మెమో ముందు పెట్టుకుని ఖాజీ సాహెబ్‌తో అదే స్పెల్లింగ్ రాయిస్తే సగం తలనొప్పి పోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి నమోదు కూడా మరిచిపోవద్దు.

సౌదీలో కుటుంబాన్ని ఉంచుకోవడమే ఖరీదు. 2017 జులైలో డిపెండెంట్ ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్లతో మొదలైన ఫీజు ఏటా వంద చొప్పున పెరిగి 2020 జులైకి 400కు చేరింది. అంటే ఒక్క భార్యకే ఏడాదికి 4,800 రియాళ్లు, మన డబ్బుల్లో లక్ష రూపాయల పైమాటే. ఇద్దరు పిల్లలు కూడా ఉంటే 14,400 రియాళ్లు. ఆ ఫీజు మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు భార్యాపిల్లలను హైదరాబాద్‌కు తిప్పి పంపేశాయి. అక్కడ డిపెండెంట్ ఇకామాతో నేరుగా పనిలో చేరడం కుదరదు. స్కూలు టీచర్ల వంటివారికి ‘అజీర్’ అనుమతి ఉంది, లేదంటే ఇకామాను యజమాని పేరు మీదకు మార్చుకోవాలి. ఏడాదికి 4,800 కట్టి నెలకు ఎంత తెచ్చుకుంటే మిగులుతుందో దంపతులు ముందే కాగితం మీద వేసుకోవాలి.

కువైట్ మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు భర్త జీతం 800 దినార్లు ఉండాలన్నారు. ఖాదిమ్ వీసా మీద డ్రైవర్‌గా, వంటవాడిగా ఉన్నవారికి ఇది అందని ద్రాక్షే. అలాంటి భర్త "విజిట్ మీద రప్పిస్తా, ఏదో ఇంట్లో పని చూస్తా" అంటే ఒప్పుకోకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళ ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రంలో అది ఓంక్యాప్. రిజిస్టర్డ్ ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తప్ప ఎక్కువ తీసుకోకూడదన్నది కేంద్రం నిబంధన.

గల్ఫ్ దాటి చూసినా తలుపులు ఇరుకవుతున్నాయి. బ్రిటన్ 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు కాని విద్యార్థులకు, మార్చి 11 నుంచి కేర్ వర్కర్లకు భార్యాభర్తలను తెచ్చుకునే వీలు తీసేసింది. కెనడా 2025 జనవరి 21 నుంచి విద్యార్థుల జీవిత భాగస్వాములకు ఓపెన్ వర్క్ పర్మిట్లను బాగా కుదించింది. అమెరికాలో హెచ్‌-1బీ ఉద్యోగి భార్యకు 2015 మే 26 నుంచి పని అనుమతి ఇస్తున్నారు. అదీ భర్త గ్రీన్‌కార్డు దారిలో కొంత ముందుకు వెళ్లాకే. దీన్ని కొట్టేయాలని వేసిన కేసును అక్కడి సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకే తీసుకోలేదు. ఆ ఊరట దక్కిన నెలలోనే ఇంకో దెబ్బ పడింది. అక్టోబరు 30 తర్వాత పెట్టుకునే రెన్యువల్ దరఖాస్తులకు, కొత్త కార్డు వచ్చేదాకా పనిలో కొనసాగే 540 రోజుల వెసులుబాటు తీసేశారు. కార్డు ఆలస్యమైతే ఉద్యోగం ఆగుతుంది. ఎల్‌-1 మీద వెళ్లినవారి భార్యలకు ఈ కార్డు గొడవ లేదు. సంబంధం చూసేటప్పుడు "అమెరికా అబ్బాయి" అని సరిపెట్టుకోకుండా హెచ్‌-1బీయా, ఎల్‌-1ఆ, స్టూడెంటా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతి. షరీయత్ ప్రకారం ఇంటి ఖర్చు భర్త బాధ్యత, భార్య సంపాదన భార్యదే. ఈ మాట అందరికీ తెలుసు. పరాయి దేశంలో అద్దె, స్కూలు ఫీజు, ఇక్కడి అప్పు వడ్డీ తరుముతుంటే ఆమె జీతం అందులో కలిసిపోవడమూ అందరికీ తెలుసు. ఇష్టంతో ఇస్తే అది ఆమె మంచితనం. కానీ ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుందన్నది తేడా తెస్తుంది. భర్త ఉద్యోగం పోయిందంటే ఆమె వీసా కూడా పోతుంది, అప్పటిదాకా దాచుకున్నదే ఇద్దరికీ దిక్కవుతుంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో బ్యాంకుకు వెళ్లి, ప్రవాసికి వర్తించే ఎన్‌ఆర్‌ఈ ఖాతాను ఆమె ఒక్కరి పేరు మీద తెరిపించడానికి ఏమేం కాగితాలు కావాలో కనుక్కోవడం ఒక పూట పని. సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఆ పాస్‌బుక్కు కూడా ఆమె సూట్‌కేసులోనే ఉండాలి.