ఆటగాడి పేరిట పోగైన చందా

తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ చైర్మన్ గారికి,

కాలేజీ జట్టుకు ఆడే పిల్లగాడు అర్ధాంతరంగా పోతే మా వైపు ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. దినాలు కాకముందే దోస్తులు వాట్సాప్ గ్రూపు పెడతారు. అందులో ఎవరిదో ఫోన్‌పే నంబరు తిరుగుతుంది. హాలియా, మిర్యాలగూడ, కోదాడ నుంచి అతనితో ఆడినవాళ్లు, అతని చేతిలో ఓడినవాళ్లు కూడా వందో రెండొందలో వేస్తారు. సంక్రాంతి సెలవులకు 'స్మారక కబడ్డీ పోటీలు' అని ఫ్లెక్సీ లేస్తుంది. పోయిన పిల్లగాడి ఫొటో ఓ మూలన రూపాయి బిళ్లంత, మొదటి బహుమతి దాతది నిలువెత్తు. షామియానా, మైకు, శాలువాలు, మెమెంటోలు, జట్లకు రెండు పూటలా భోజనం. (భోజనం మీద నాకు పేచీ లేదు. దూరం నుంచి వచ్చిన పిల్లలు తినాలి కదా.) ఆఖరి మ్యాచ్ అయ్యేసరికి లెక్క చెప్పడానికేమీ మిగలదు. రెండో ఏడు సగం జట్లే వస్తాయి. మూడో ఏడు ఫ్లెక్సీ కూడా లేవదు.

కొందరు చౌరస్తాలో విగ్రహం పెడదామంటారు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్త విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. అయినా పలుకుబడి ఉంటే లేస్తాయి, లేకుంటే ఆగుతాయి. కూలివాళ్ల బిడ్డకు లేవదని వేరే చెప్పాలా?

పేరు నిలవడానికి విగ్రహమే కావాలని లేదు. కోదాడ దాటి హైవే మీద పోతే విజయవాడ. అక్కడ చెరుకూరి సత్యనారాయణ గారి కూతురు వోల్గా చిన్న వయసులోనే పోయింది. ఆమె పేరిట వోల్గా ఆర్చరీ అకాడమీ ఉంది. 2010లో రోడ్డు ప్రమాదం కొడుకు లెనిన్‌నూ తీసుకుపోయింది. అంతర్జాతీయ ఆర్చర్, కోచ్ అతను. అయినా విల్లు కింద పెట్టలేదు ఆ ఇల్లు. బొమ్మదేవర ధీరజ్ చిన్నప్పుడు చేరింది ఆ అకాడమీలోనే. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టుతో వెండి పతకం తెచ్చాడు, 2024 పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ పోటీలో కాంస్యం మ్యాచ్ దాకా వెళ్లాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే వోల్గా పేరే చెప్పాలి కదా!

మా పిల్లలు కబడ్డీ నేర్చేది మట్టిలో, వట్టి కాళ్లతో. మహాత్మాగాంధీ యూనివర్సిటీ జట్టులో చోటు దొరికి బయటి పోటీలకు పోతే అక్కడ మ్యాట్, కాళ్లకు బూట్లు. మట్టిలో జారుకుంటూ వచ్చి గీత తాకే అలవాటున్నవాడు మ్యాట్ మీద అట్లాగే జారబోతే బూటు అక్కడే పట్టేస్తుంది, ఒళ్లు ముందుకు పోతుంది, మోకాలు తిరుగుతుంది. ఆట రాక కాదు, మ్యాట్ లేక. మగపిల్లల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంత మ్యాట్ ఒక్క ఊరి చందాతో రాదు. సగానికి వస్తుంది.

ఆ మిగతా సగం మీరు వేయండి. స్మారక నిధికి కాలేజీ ప్రిన్సిపాల్, ఫిజికల్ డైరెక్టర్ (పీడీ), పోయిన పిల్లగాడి ఇంటి మనిషి ఒకరు కలిసి ఖాతా తెరవాలని నిబంధన పెట్టండి. జమా ఖర్చులు నోటీసు బోర్డు మీద అంటించాలి. చందా ఎంత పోగైతే అంత మీ నుంచి. మ్యాట్ అంచున ఆ పిల్లగాడి పేరు రాస్తే చాలు. దాతల ఫొటోలు వద్దు.

కొత్తగా స్థలం కూడా వెతకనక్కర్లేదు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలు తెరిచారు. చాలాచోట్ల ఇప్పుడు మిగిలింది బోర్డు, ఇనుప బార్లు, నడుం ఎత్తు గడ్డి. కాలేజీ దగ్గర్లో ఉన్నదాన్ని బాగుచేసి ఒక రేకుల షెడ్డు వేస్తే మ్యాట్ తడవకుండా ఉంటుంది.

పోటీలు ఎట్లాగూ ఆగవు. కాబట్టి తాత్కాలిక గ్యాలరీలను ఇంజనీరు చూడకుండా జనాన్ని ఎక్కనీయొద్దని కూడా రాయండి. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మొదలయ్యే వేళ గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు.

ఒక పేజీ సర్క్యులర్ చాలు. జిల్లా క్రీడాధికారులకూ కాలేజీల పీడీలకూ డిసెంబరు లోపు అందాలి. సంక్రాంతి చందాలు అప్పుడే మొదలవుతాయి.

ఇట్లు,
పెద్దవూర మండల వాసి