మీకు తెలియకపోవడం మా తప్పా?

మా పుస్తకాలు చదివాక మీరు చెప్పే అభిప్రాయం ఎప్పుడూ ఒకటే. ‘ముస్లింల జీవితం మాకు కొత్త. తెలియని ప్రపంచాన్ని పరిచయం చేశారు.’ సభలో అధ్యక్షుడు అనేదీ ఇదే, సమీక్షకుడు రాసేదీ ఇదే, పుస్తకం తిరిగిస్తూ మిత్రుడు భుజం తట్టి చెప్పేదీ ఇదే. వినడానికి మెచ్చుకోలులాగే ఉంటుంది. కాస్త ఆగి చూస్తే అందులో ఒక గెంటివేత ఉన్నది. తరాల తరబడి పక్కింట్లో ఉన్నవాణ్ణి పట్టుకుని ‘మీదే ఊరు?’ అని అడగడం లాంటిది ఇది.

ఎవరికి కొత్త? ఎట్లా కొత్త?

మా చివ్వెంల చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్లి ‘సైదులూ’ అని ఒక్క కేక వేయండి. ఎవరో ఒకరు పలుకుతారు. పలికినవాడు చాలాసార్లు ముస్లిం కాడు. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి - ఇవన్నీ జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న పేర్లు. పాలకీడు మండలంలోని ఆ దర్గా ఉర్సుకు ప్రతి జనవరిలో కులమతాల లెక్క లేకుండా జనం కదులుతారు. ఇక పీర్ల పండుగ సంగతి. పీరు ఎత్తుకునేదెవరు? అలావ చుట్టూ ఆడేదెవరు? ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి గదా! మా దర్గా పేరు పెట్టుకున్న సైదులే మా కథ చదివి ‘మీ జీవితం మాకు తెలియదు’ అంటే ఏమనాలి? అతనికి తెలుసు. తెలిసినదాన్ని తెలుగు జీవితం కింద లెక్కగట్టడం ఎవరూ నేర్పలేదు, అంతే.

మా సంగతి చూడండి. మా మండలంలోనే దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర జరుగుతుంది. భేరీల మోత, గజ్జెల లాగులు, ‘ఓ లింగా’ అనే కేక - ఇవేమిటో మాకు ఎవరూ అర్థం చెప్పాల్సిన పని రాలేదు. కర్ణుడి కవచకుండలాలు, ఏకలవ్యుడి బొటనవేలు బడిలోనే కంఠస్థం చేశాం. ఏ తెలుగు నవల చదివీ ‘హిందువుల జీవితాన్ని చక్కగా పరిచయం చేశారు’ అని మేం అనలేదు. అని చూడండి, ఆ మర్నాడు మమ్మల్ని ఏ దేశానికి పొమ్మంటారో! తెలుసుకు తీరవలసిన పని ఎప్పుడూ తక్కువమంది ఉన్నవాడిది. తెలియకుండానే బతికేయగల సుఖం ఎక్కువమంది ఉన్నవాడిది. ఆధిపత్యమంటే ఇదే.

మా పుస్తకం చివర పదాలకు అర్థాలివ్వమంటారు. ‘అమ్మీ’కి అర్థం కావాలి, ‘దస్తర్‌ఖాన్‌’కు అర్థం కావాలి. సంధ్యావందనానికీ, అభ్యంగనస్నానానికీ ఎవరు అర్థాలిచ్చారు? అర్థాలు అడుగుతూ మీరు రాసే కాగితం మాటేమిటి? కలం మాటేమిటి? జిల్లా, తాలూకా, రైతు, వకీలు, జవాబు, హక్కు - ఈ మాటలన్నీ ఏ దారిన తెలుగులోకి వచ్చాయి? పొలం కాగితాల్లో మా భాష లేకుండా మీకు ఒక్కపూట గడవదు. కథలోకి వస్తే మాత్రం అది పరాయిదవుతుంది!

లెక్క చూద్దాం. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది 1991లో. బాబ్రీ మసీదు కూలింది 1992 డిసెంబర్ 6న. ‘జల్‌జలా’ 1998లో, ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ 1999లో, ముస్లిం కథల సంకలనం ‘వతన్’ 2004లో, షాజహానా ‘నఖాబ్’ 2005లో, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ 2011లో వచ్చాయి. ‘జుమ్మా’కు 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం కూడా వచ్చింది. మొదటి పుస్తకం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇంకా పరిచయమేనా? పరిచయం అయ్యేదెప్పుడు? మాటలు మొదలయ్యేదెప్పుడు?

‘పుట్టుమచ్చ’ చరిత్రతో తగాదా పడుతుంది. ‘దర్గామిట్ట’ కావలి పిల్లవాడి అల్లరితో నవ్విస్తుంది. ‘జుమ్మా’ సీమ పేదరికాన్ని చూపిస్తుంది. ‘నఖాబ్’ ఇంట్లో మగవాణ్ణి నిలదీస్తుంది. వీటన్నిటినీ కలిపి ‘ముస్లిం జీవితం’ అనే ఒకే సంచిలో వేస్తే ఏ పుస్తకాన్నీ చదవనట్టే. ‘నఖాబ్’ చదివి అభ్యుదయవాదులు ‘చూశారా, మీ ఆడవాళ్లే అంటున్నారు’ అన్నారు. మా పెద్దలు ‘ఇంటి గుట్టు వీధికెక్కించింది’ అన్నారు. మీరు బురఖా దగ్గర ఆగారు, మావాళ్లు పరువు దగ్గర ఆగారు. కవిత్వం దాకా ఎవరూ రాలేదు. ఈ విషయంలో మావాళ్లకూ మినహాయింపు ఇవ్వను.

వేరే రకంగా చదవడం సాధ్యం కాదా? ఒకప్పుడు సాధ్యమైంది. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో పోరాడి, 1940లో హత్యకు గురైన షేక్ బందగీ సమాధి సూర్యాపేట-జనగామ దారిలో కామారెడ్డిగూడెం దగ్గర ఉన్నది. ఆ పోరాటం ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ నాటకం రాశారు. ఊరూరా ఆడారు, జనం విరగబడి చూశారు. ఒక ముస్లిం రైతు చావు భూమిలేని వాళ్లందరి కథ అయింది. పేరులోనే ఉన్నది గదా ‘మా’ అనే మాట! అప్పుడు కలిసిన ఆ ‘మా’ ఇప్పుడు ‘మేము’, ‘మీరు’గా ఎందుకు విడిపోయింది? సాయిబు అనగానే రజాకారు గుర్తొచ్చే పాఠకుడికి బందగీ ఎందుకు గుర్తు రాడు?

అందుకే అడుగుతున్నాం. మా పుస్తకం బాగా లేకపోతే బాగా లేదనండి. కథ సగంలో చచ్చిపోతే ఆ మాటే రాయండి. కవిత నినాదమైతే తిట్టండి. కావలి పిల్లవాడి అల్లరికి నవ్వొచ్చిందా లేదా చెప్పండి. జాలితో ఇచ్చే వంద మార్కులు మాకొద్దు.

ఇంకో సంగతి. మా పుస్తకం మీద మాట్లాడేటప్పుడు మా గురించి చెప్పడం కాసేపు ఆపండి, మీ గురించి చెప్పండి. పేరు విని అద్దె ఇల్లు లేదన్న యజమాని మా కథలో ఉన్నాడు. అతను మీకు బంధువా, మిత్రుడా, మీరేనా? క్రికెట్ మ్యాచ్ రోజున మమ్మల్ని ఓరగా చూసిన కళ్లు ఎవరివి? పుస్తకం మూశాక ఆ కళ్లు ఏమైనా మారాయా?

దానికి జవాబు రాయండి. అప్పుడు కూర్చుని సాహిత్యం మాట్లాడుకుందాం.