లే బండీ.. అంటే లేస్తుందా?

రాముడు జటాయువుని చూసి "లే పక్షీ" అన్నాడు కాబట్టి మా అవ్వగారి వూరికి లేపాక్షి అని పేరొచ్చిందంటారు. ఆ వూళ్ళో ఇప్పటికీ పొద్దున్నే ఎవరో ఒకరు ఏదో ఒక బండిని లెమ్మని బతిమాలుతూనే వుంటారు. మొన్న వేసవిలో ఆ బతిమాలే గుంపులో నేనూ వున్నాను. అప్పట్నుంచీ కడుపు మంట చల్లారలేదు, అందుకే ఈ గోల.

మామది బీఎస్-6 డీజిల్ పికప్పు. పట్టుగూళ్ళు పొద్దున్నే హిందూపురం మార్కెట్టుకి చేరాలి. వేలం తప్పితే మరో రోజు పోతుంది, గూట్లో పురుగు మాత్రం మన కోసం ఆగదు. గూడు తొలుచుకుని బయటికొచ్చిందంటే ఆ గూడు దారం తీయడానికి పనికిరాదు. తీరా చూస్తే రాత్రంతా బండిలో పాటల డబ్బా ఆన్‌లో వుండిపోయింది. తాళం తిప్పితే 'టిక్' అని కూడా అనలేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక్క దీపం వెలగలేదు.

"నూకితే లేస్తాది లేప్పా" అన్నాడు మామ. రోడ్డు మీద కూలికి ఎదురుచూస్తున్న నలుగురిని కేకేశాడు. నేను "మామా, ఇది కామన్ రైలు, కరెంటు సున్నా అయితే లేవదు" అన్నాను. "పోయిన నెల నూకితేనే లేసింది అల్లుడూ. నువ్వు కంప్యూటర్లు చూసుకో" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకోండి :)

మామ అబద్ధం చెప్పలేదు. పోయిన నెల లేచిన మాట నిజమే. సమస్యంతా అక్కడే వుంది.

స్టార్టరు మోటారు తిరగాలంటే వందల ఆంపియర్లు కావాలి. ఈసీయూకి, ఇంజెక్టర్లకి అందులో చిన్న వాటా చాలు. బ్యాటరీ సగం చచ్చినప్పుడు స్టార్టరు తిరగదు గానీ కంప్యూటరు మేలుకునే వుంటుంది. అప్పుడు రెండో గేరులో వేసి, తోసి, క్లచ్ వదిలితే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, బండి లేస్తుంది. పూర్తిగా చచ్చిన బ్యాటరీతో ఇంజను ఎంత తిరిగినా ఇంజెక్టరు తెరుచుకోదు, ఎందుకంటే తెరవమని చెప్పేవాడే నిద్రపోతున్నాడు. ఆల్టర్నేటర్ కరెంటు పుట్టిస్తుంది కదా అంటారు కొందరు మేధావులు. దానికీ మొదట బ్యాటరీ నుంచి కాస్త కరెంటు అందాలి మహాప్రభో! కరెంటు లేని సర్వర్‌లోకి లాగిన్ అవ్వమన్నట్టుంది ఇదంతా.

మామ నేర్చుకున్నది పాత లారీల మీద. వాటి పంపు మొత్తం మెకానికల్. ఇంజను ఆపాలంటే కేబుల్ లాగేవారు. అలాంటి బండిని బ్యాటరీ పీకేసి తోసినా లేచేది, అది నిజంగా గొప్ప సంగతే. అలాగని "కొత్త బండ్లను అసలు తోయనే కూడదు" అనే ఫోన్ వీడియోల పండితులతో కూడా నాకు పేచీయే. బండి కొత్తదా పాతదా అన్నది తర్వాత. తాళం తిప్పితే దీపాలు వెలిగాయా లేదా, ముందు అది చూడండి. మా వూరి గుళ్ళో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసిగానీ నమ్మరు. బండి దగ్గర ఆ మాత్రం పరీక్ష కూడా చెయ్యరెందుకో!

సరే, నూకారు. రెండుసార్లు దడదడమని ఆగింది. మూడోసారి గుడి దిగువ ఏటవాలుకి తీసుకుపోయారు. ఈసారీ లేవలేదు. మామ క్లచ్ తొక్కాడు, బండి జారింది. ఇంజను ఆగి వున్నప్పుడు బ్రేకుకి బూస్టర్ సాయం వుండదు, పెడలు రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగూ అంతే. మామ సీట్లోంచి లేచి రెండు కాళ్ళతో నిలబడి తొక్కితే కల్వర్టుకి మూరెడు దూరంలో ఆగింది. తలుపు పట్టుకుని పరుగెత్తిన ఆయన మోకాలు చెక్కుకుపోయింది. ఆ రోజు ఆయన కూలికి పోలేకపోయాడు. మావాళ్ళు టీ తాగించారు. అంతే! కూలి డబ్బు ఇద్దామని నేనంటే "చెయ్యేసినందుకు దుడ్లేందిరా" అని ఆశ్చర్యపోయారు. చివరికి నా జేబులోంచి ఇచ్చాను, మొహమాటపడుతూ తీసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. బ్యాటరీ కొనడానికి లెక్కలేస్తాం. మనిషి మాత్రం ఉచితం. కరువు సీమలో పొద్దున్నే రోడ్డు మీద ఖాళీగా నిలబడే మనుషులు ఎప్పుడూ దొరుకుతారు కాబట్టి, వాళ్ళనే స్టార్టరు మోటారుగా వాడేస్తున్నాం. దానికి వూరి ఐకమత్యం అని పేరొకటి!

ఇంతకీ బండి ఎలా లేచిందంటారా? పంక్చర్ల షాపులో జంపర్ కేబుళ్ళు దొరికాయి. పక్కింటి ట్రాక్టరుది 12 వోల్టుల బ్యాటరీయే (పెద్ద లారీలు చాలావరకు 24, వాటి జోలికి పోకండి, ఈసీయూ కాలిపోతుంది). ప్లస్‌కి ప్లస్, మైనస్ మాత్రం చచ్చిన బ్యాటరీకి దూరంగా ఇంజను ఇనుముకి. ఐదు నిమిషాలాగి తాళం తిప్పితే లేచింది. ఎవ్వరూ చెయ్యి వెయ్యలేదు.

తిరిగి బెంగుళూరు వచ్చేముందు హిందూపురంలో కొత్త కేబుళ్ళు కొని మామ సీటు కింద పెట్టాను. మొన్న ఫోన్లో అడిగితే, పక్కాయన బోరు మోటారుకి వైరు చాలక పట్టుకుపోయాడట.