చచ్చిన డేటాబేసుకి కూడా అద్దె కట్టాలా?

మా బావకి విజయవాడలో చిన్న పుస్తకాల కొట్టుంది, దానికో వెబ్‌సైటు. ఇంట్లో సాఫ్ట్‌వేరు వాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి (ఫ్యాను ఆగినా నాకే ఫోను) సైటు బాధ్యత నాదే. పాత సైటు డేటాబేసులో పుస్తకాలు కొన్నవాళ్ళ చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. కొత్త సైటు పెట్టాక పాతదాన్ని ఎస్ఎస్‌హెచ్‌లో లాగినై డ్రాప్ కొట్టేశాను. కొన్నాళ్ళకి బావ ఫోను. "ఒరేయ్ బామ్మర్దీ, తీసేశానన్నావ్, ఇక్కడ ఇంకా కనిపిస్తోందేంట్రా?"

చూస్తే నిజమే. కంట్రోల్ ప్యానెల్లో పేరు అలాగే ఉంది. డిలీట్ నొక్కితే "అలాంటి డేటాబేసు లేదు" అంటోంది. లేనప్పుడు చూపించడం దేనికో! పైగా ప్లానులో ఇచ్చేవే ఐదు, ఆ ఐదింట్లో ఇదీ ఒకటిగా లెక్క. కొత్తది పెట్టుకోనివ్వదు.

సపోర్టుకి రాశాను (కంపెనీ పేరెందుకు లెండి). మొదటి జవాబు: బ్రౌజరు క్యాష్ క్లియర్ చెయ్యండి. రెండోది: పెద్ద ప్లానుకి మారండి. అంటే ముందు బ్రౌజరు క్యాష్, తర్వాత మన క్యాష్ అన్నమాట. మూడోది: ప్యానెల్లోంచి తీయకపోవడం మీ తప్పు.

ఈ మూడో జవాబు మీదే నా గొడవంతా. డేటాబేసు యూజరుకి "ఆల్ ప్రివిలేజెస్" టిక్కు పెట్టే వీలు ఇచ్చింది వాళ్ళే. డ్రాప్ హక్కు అందులోనే ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ ఇచ్చిందీ వాళ్ళే. ద్వారం తీసిపెట్టి, అందులోంచి వెళ్ళినందుకు తప్పంటే ఎలా?

అసలు సంగతేంటంటే, ప్యానెల్ చూపించే జాబితా సర్వరు చెప్పేది కాదు, ప్యానెల్ సొంతంగా రాసుకున్న చిట్టా. ప్లెస్క్ తన లెక్కలన్నీ పీఎస్ఏ అనే సొంత డేటాబేసులో పెట్టుకుంటుంది. సీప్యానెల్ ఏ డేటాబేసు ఏ ఖాతాదో తన ఫైళ్ళలో రాసుకుంటుంది. చిట్టా ఉండటం తప్పు కాదు, ఎవరిది ఏదో తెలియాలిగా. తేడా వచ్చినప్పుడు చిట్టానే నిజమనుకోవడం తప్పు. అడంగల్లో ఒకరి పేరు, పొలంలో ఇంకొకరు ఉంటే ఏమవుతుందో మన ఊళ్ళలో ఎవర్నడిగినా చెప్తారు.

కాబట్టి ఇలాంటిది ఎదురైతే ప్యానెల్ని వదిలేసి ముందు మైఎస్‌క్యూఎల్‌నే అడగండి. షో డేటాబేసెస్ కొట్టండి, అదీ రూట్‌గా. మామూలు యూజరుకి తన హక్కులున్నవే కనిపిస్తాయి, కాబట్టి ఆ జాబితాలో లేదంటే సర్వర్లో లేదని కాదు. రూట్‌కి కూడా కనిపిస్తే డ్రాప్ పూర్తి కాలేదన్నమాట. చాలాసార్లు ఆ డేటాబేసు ఫోల్డర్లో ఎవరో పడేసిన బ్యాకప్ ఫైలు ఉండి, ఫోల్డరు ఖాళీ కాక ఎర్రరు 1010 వస్తుంది. ఆ ఫైలు తీసి మళ్ళీ డ్రాప్ కొట్టాలి. (2018లో 8.0 వచ్చేదాకా మైఎస్‌క్యూఎల్‌కి ఫోల్డరు ఉంటే డేటాబేసు ఉన్నట్టే. ఊరికే ఓ ఖాళీ ఫోల్డరు పెట్టినా జాబితాలో చూపించేది.) రూట్‌కీ కనిపించకపోతే తప్పు చిట్టాదే. దానికో మోటు వైద్యం ఉంది: అదే పేరుతో ఖాళీ డేటాబేసు సృష్టించి, ఈసారి ప్యానెల్లోంచి తీసెయ్యడం. సపోర్టు వాళ్ళకి అయిదు నిమిషాల పని.

అయితే ఇక్కడే ఒక మెలిక. డేటాబేసు డ్రాప్ చేస్తే దాని మీద ఇచ్చిన హక్కులు వాటంతటవి పోవు, మైఎస్‌క్యూఎల్ మాన్యువల్లోనే రాసుంది. రేపు అదే పేరుతో ఇంకోటి పెడితే, ఎప్పుడో మానేసిన డెవలపరు దగ్గరున్న పాత పాస్‌వర్డు కొత్తదాన్ని కూడా తెరుస్తుంది. షో గ్రాంట్స్ చూసి, మిగిలినవి రివోక్ చేసేదాకా పని అయినట్టు కాదు. సపోర్టు వాళ్ళు దీన్ని గురించి ఒక్క ముక్క అంటే ఒట్టు.

"ఒక పేరు కనిపిస్తే ఇంత రాద్ధాంతమా" అన్నాడు మా టీంలో ఒకాయన. బావకి ఓ పాఠకుడు తన వివరాలు తీసెయ్యమని మెయిలు పెట్టాడండీ. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలోనే అలా అడిగే హక్కు రాసుంది. తీసేశామని జవాబివ్వాలి. ప్యానెల్ చూస్తే ఉందంటోంది, సర్వరు లేదంటోంది. బావ ఏ మొహం పెట్టుకుని రాయాలి? (బ్యాకప్పుల సంగతి ఇంకా ఎత్తనేలేదు.)

ప్యానెల్ రాసేవాళ్ళు పెద్దగా చెయ్యాల్సిందేం లేదు. పేజీ తెరిచినప్పుడు సర్వర్ని ఒకసారి అడిగి, లేనిదాని పక్కన "ఇది సర్వర్లో లేదు" అని రాసి, దాన్ని కోటాలో లెక్కపెట్టకపోతే చాలు. ఇది రాసేదీ మనలాంటి వాళ్ళమేగా. ఎన్ని ప్రాజెక్టుల్లో రెండో టేబులు పెట్టి, రెండూ కలుస్తున్నాయో లేదో చూసే జాబు "ఫేజ్ టూ"లో రాద్దాంలే అనుకోలేదు మనం? నేనైతే రెండుసార్లు అనుకున్నాను. ఆ ఫేజ్ టూ రాలేదు.

పదకొండో రోజు ఎవరో పెద్దాయన చేతికెళ్ళింది మా టికెట్టు. నాలుగు నిమిషాల్లో పేరు మాయమైంది. "క్యాష్ సమస్య, పరిష్కరించబడింది" అని మూసేశారు. హక్కులు కూడా తీశారా అని అడుగుతూ మళ్ళీ తెరిచాను. ఇంకా జవాబు రాలేదు.