వాగు ఒడ్డున విశ్రమించే నేలకు కౌలు ఎవరు చెల్లించాలి?

పంట వేసిన రైతుకు ప్రభుత్వం చేయూతనివ్వడం మనకు తెలిసినదే. పంట వేయకుండా నేలకు విశ్రాంతినిచ్చిన రైతుకు సొమ్ము చెల్లించడం మాత్రం మనలో చాలామందికి వింతగా తోస్తుంది. అయితే వాగు ఒడ్డున సాగుచేసే రైతులు, వారికి ఎరువులు, విత్తనాలు అరువిచ్చే డీలర్లు ఈ పద్ధతిని గురించి తెలుసుకోవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. ఇటువంటి చెల్లింపు మన ప్రాంతానికి కూడా తగినదేనని, అయితే కొన్ని షరతులు లేనిదే అది మేలు చేయజాలదని నా అభిప్రాయం.

అమెరికాలో 1980 దశకంలో భూముల ధరలు పడిపోయి, రైతులు అప్పుల భారంతో క్రుంగిపోయిన రోజులలో, 1985 నాటి ఆహార భద్రతా చట్టం ద్వారా కన్సర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రాం అనే పథకం ఏర్పడింది. దీని ప్రకారం రైతు 10 నుండి 15 సంవత్సరాల కాలానికి ప్రభుత్వంతో ఒప్పందం వ్రాసుకుంటాడు. కోతకు గురయ్యే నేలలో పంట మాని గడ్డినో చెట్లనో పెంచుతాడు. అందుకు ప్రతిఫలంగా ఏటేటా కౌలు వంటి చెల్లింపు, నాటే ఖర్చులో సుమారు సగం వరకు సహాయం లభిస్తాయి. 1997లో రాష్ట్ర ప్రభుత్వాలు కూడా వాటా వేసుకునే మరొక శాఖను దీనికి జతచేశారు. చెసాపీక్ అఖాతంలోకి పొలాల ఎరువు కొట్టుకుపోవడంతో కలతచెందిన మేరీలాండ్ అందులో చేరిన మొదటి రాష్ట్రం. అక్కడ ఏటి ఒడ్డు పట్టీలకు ప్రాధాన్యం లభించింది.

ఈ పట్టీ చేసే పని సులభంగా గ్రహించవచ్చును. వానకు పొలం నుండి పారే నీరు గడ్డి దుబ్బుల మధ్య నెమ్మదిస్తుంది. మన్ను అడుగున నిలుస్తుంది. మట్టిని అంటుకొని ఉండే భాస్వరం దానితోపాటు ఆగిపోతుంది. నీటిలో కరిగిన నత్రజనిలో కొంతభాగాన్ని చెట్ల వేళ్లు పీల్చుకుంటాయి. ఆ వేళ్లే ఒడ్డు విరిగిపడకుండా పట్టి ఉంచుతాయి. మీరు అప్పు చేసి కొన్న డి.ఎ.పి.లో కొంత ప్రతి తొలకరికీ వాగు పాలవుతున్నదని గుర్తిస్తే, ఈ పట్టీ విలువ మీకే బోధపడుతుంది.

ఇక మన లెక్క చూద్దాం. 210 అడుగుల మేర వాగును ఆనుకొని, 415 అడుగుల లోతు గల చేను సుమారు రెండెకరాలు. ఒడ్డు వెంట 35 అడుగుల వెడల్పున పట్టీ వదిలితే పోయేది 17 సెంట్లు. ఎకరా కౌలు సాలుకు 20,000 రూపాయలు అనుకుంటే, రైతు కోల్పోయే మొత్తం 3,400 రూపాయలు. పెద్ద కమతం గల రైతుకు ఇది స్వల్పమే. రెండెకరాల ఆసామికి మాత్రం ఇది పిల్లల చదువుకో, పెట్టుబడికో అక్కరకు వచ్చే సొమ్ము. దిగువన ఉన్న చెరువు పూడకుండా, పదిమంది బావులు చెడకుండా ఉండడానికి ఆ ఒక్కడే నష్టపోవాలనడం న్యాయం కాదు. అందరికీ కలిగే మేలుకు అందరి సొమ్ము నుండే ప్రతిఫలం ఇవ్వాలి.

1995 నుండి మన పల్లెలలో నడచిన వాటర్‌షెడ్ పథకాలు చెక్ డ్యాములకు, కట్టలకు ఖర్చు పెట్టాయి. అవి మంచి పనులే. అయితే అది పనికి ఒక్కమారు ఇచ్చే సొమ్ము. నేల వదులుకున్న రైతుకు ఏటేటా కలిగే లోటును పూడ్చేది కాదు. ఎకరాల లెక్కన రైతుకు సొమ్ము అందించడం సాధ్యమేనని 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు నిరూపించింది. ఆ పథకం కౌలుదారులకు వర్తించకపోవడం కూడా మనం మరువరాదు. అమెరికా చట్టం కౌలుదారుల, పాలుదారుల హక్కులను కాపాడాలని, చెల్లింపును న్యాయంగా పంచాలని నిర్దేశించింది. ఇక్కడ కూడా ఆ నియమం మొదటి షరతు కావాలి. లేనిచో భూస్వామికి చెల్లింపు, కౌలుదారునికి ఉద్వాసన మిగులుతాయి.

రెండవ షరతు హద్దుల నిర్ణయం. వాగు పోరంబోకును కలుపుకొని దున్నుతున్న చోట, ప్రభుత్వ భూమికే ప్రభుత్వం కౌలు చెల్లించే విపరీతం జరుగుతుంది. సర్వే జరిగి రాళ్లు పాతిన తరువాతనే ఒప్పందం వ్రాయాలి.

మూడవది బ్యాంకులకు సంబంధించినది. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని పంట విస్తీర్ణాన్ని బట్టి, ఎకరాకు నిర్ణయించిన రుణ ప్రమాణాన్ని బట్టి లెక్కిస్తారు. పంట లేని నేలకు పరిమితి తగ్గుతుంది. విశ్రాంతినిచ్చిన రైతుకు ఇది రెండవ దెబ్బ. వార్షిక చెల్లింపును ఆదాయంగా పరిగణించి, ఆ పట్టీలో నాటే ఏరుమద్ది, కానుగ, నేరేడు, వెదురుకు దీర్ఘకాలిక రుణం ఇచ్చే వీలు కల్పించాలి. చెల్లింపు కూడా వాయిదా గడువుకు ముందే ఖాతాలో పడాలి. ఆలస్యంగా వచ్చే సహాయం వడ్డీని ఆపలేదు.

డీలరు మిత్రుల ఆందోళన కూడా అర్థం చేసుకోదగినదే. అమెరికాలో పూర్తి పొలాలు పథకంలో చేరిన కొన్ని ప్రాంతాలలో ఎరువుల, విత్తనాల వ్యాపారం దెబ్బతిన్నదనే విమర్శ వచ్చింది. అటువంటి నష్టం కలగకుండా ఒక కౌంటీలోని సాగుభూమిలో సాధారణంగా 25 శాతానికి మించి చేర్చరాదని చట్టం హద్దు పెట్టింది. ఒడ్డు పట్టీలు మాత్రమే వదిలితే వ్యాపారానికి కలిగే లోటు స్వల్పం. పైగా ఒడ్డు విరిగి పొలమే కోసుకుపోతే, మీ అరువు బాకీ వసూలయ్యే మార్గమేది?

ఒక హెచ్చరిక. అమెరికాలో గడువుకు ముందే ఒప్పందం తప్పిన రైతు, అందుకున్న సొమ్మును వడ్డీతో సహా తిరిగి చెల్లించవలసి ఉంటుంది. భూమి కొన్నవారు ఒప్పందాన్ని స్వీకరించకపోయినా అదే భారం పడుతుంది. కనుక రేపు ఇటువంటి పథకం మీ గ్రామానికి వస్తే, గడువు, అమ్మకం, వారసత్వం, కౌలుదారుని వాటా అనే నాలుగు అంశాలను చదివించుకొని గాని వ్రేలిముద్ర వేయకండి. ఈలోగా మీ గ్రామసభలో వాగు హద్దుల సర్వే కోరుతూ తీర్మానం చేయించండి. ఏ ప్రభుత్వం ఏ పథకం తెచ్చినా, ముందుగా కావలసినది అదే.