పులికాట్ తీరానికి హాకీ కోర్టు కావాలి!

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, క్రీడాభిమానులకు విజ్ఞప్తి

2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4 తేడాతో ఓడిపోయింది. టీవీ ముందు అయ్యో అనుకున్నాం. మన పిల్లలు ఆ స్థాయికి ఎదగాలంటే ముందు కర్ర పట్టి ఆడుకునే చోటుండాలి కదా!

"హాకీ మనకెక్కడిది?" అనేవాళ్లకు జవాబు మన జిల్లాలోనే ఉంది. ఎర్రావారిపాళెం మండలం ఎనుములవారిపల్లెకు చెందిన గోల్‌కీపర్ ఇతిమరపు రజని 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టు సభ్యురాలు. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌లో రజతం గెలిచిన భారత మహిళల జట్టుకు ఆమే కెప్టెన్.

మనకు సరిపోయేదీ ఆ ఫైవ్స్ ఆటే. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు అయిదుగురు. పెద్ద మైదానం పొడవు 91.4 మీటర్లు, ఈ కోర్టు 55 మీటర్లు దాటదు. ఐస్ హాకీలోలాగా చుట్టూ పలకల అడ్డం ఉంటుంది. బంతి దానికి తగిలి తిరిగొస్తుంది, ఆట ఆగదు. పదకొండు మంది దొరకని చిన్న బడి కూడా జట్టు కట్టొచ్చు.

మన బడి మైదానాలు కార్తీక వానలకు బురద, ఎండితే ఇసుక. బంతి దొర్లదు. అలాగని నీళ్లు చల్లే టర్ఫ్ అడగడం లేదు. ఉప్పునీటి సరస్సు పక్కన మంచినీళ్లు ఆటకు పారబోయలేం. ఇసుక నింపిన టర్ఫ్ చాలు.

మా డిమాండ్లు:

1. సూళ్లూరుపేటలో ఒక ప్రభుత్వ విద్యాసంస్థ ఆవరణలో ఫైవ్స్ కోర్టు వేయాలి. సరస్సు ఒడ్డున మాత్రం వద్దు, అది పక్షుల చోటు.

2. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద సంస్థలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. అందులో గ్రామీణ, ఒలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉంది. శ్రీసిటీ పరిశ్రమలను కలెక్టర్‌గారు ఇందుకు అడగాలి.

3. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం మండలాల బడులకు కర్రలు, ప్యాడ్లు, హెల్మెట్లు, ఒక కోచ్‌ను ఇవ్వాలి. రక్షణ సామగ్రి లేకుండా ఏ పిల్లనూ గోల్ ముందు నిలబెట్టొద్దు.

4. ఫ్లెమింగో ఫెస్టివల్‌లో బాలికల ఫైవ్స్ పోటీలు పెట్టాలి.

మీ గ్రామసభలో తీర్మానం చేయించండి. దాని నకలుతో సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇద్దాం. ఊరికి ఇద్దరైనా రండి, మీ ఆడపిల్లల్నీ వెంటబెట్టుకు రండి!

ఇట్లు,
పులికాట్ తీర హాకీ అభిమానులు